వేలు ముడవండి ఆంటీ

ఆ రోజుల్లో నాకు వచ్చినంత కోపం ఇప్పుడెవరికైనా వస్తే వెంటనే జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బీపీ చూపిస్తారు. నాకు మాత్రం అది లేకపోతే తెల్లారేది కాదు. పెళ్ళయి మా ఆయన వెంట నాటింగ్‌హామ్ వచ్చిన కొత్త. ఆయన ఒక కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ, నేను అదే హోమ్ లాండ్రీలో పగటి డ్యూటీ. డ్యూటీల రోటా పుణ్యమా అని మొగుడూ పెళ్ళాలం ఒకరికొకరు ఎదురుపడేది మెట్ల మీదే. చలి మీద కోపం, ఆగకుండా వెళ్ళిపోయిన బస్సు మీద కోపం, మూడు రోజులైనా ఆరని బట్టల మీద కోపం. వీటన్నిటినీ ఒక మూటగా కట్టి తీసుకెళ్ళి ఒకే ఒక్క మనిషి నెత్తిన పడేశాను. ఆమె మా తెలుగు ఫెలోషిప్‌లోని మొక్కల ఆంటీ.

ఆంటీ పేరున్న నర్సు. ఆదివారం ఆరాధన అయిపోయి టీ కప్పులు బయటికి రాగానే ఆ బల్ల దగ్గర ఆమె ఆసుపత్రి మొదలయ్యేది. పండిన ఆకు టిష్యూలో చుట్టుకుని ఒకరు, తెగులు పట్టిన కొమ్మ ఫొటో తీసుకుని ఒకరు వరసలో నిలబడేవారు. “రోజూ నీళ్ళు పోస్తున్నావా? చంపేశావు కదమ్మా!” అని ఒకరికి. “చలికాలంలో కిటికీ పక్కన పెట్టావా? నువ్వు కూర్చో ఆ కిటికీ పక్కన, తెలుస్తుంది,” అని ఇంకొకరికి. కరివేపాకు మొక్కకి పుల్లమజ్జిగ పొయ్యమన్నదని ఒక అంకుల్ తలుపులన్నీ మూసిన ఫ్లాట్‌లో వారం పాటు పోశాడు. ఆ వాసనకి పై ఫ్లాట్ వాళ్ళు కౌన్సిల్‌కి ఫోన్ చేశారు. (ఆ మొక్క మాత్రం బతికింది. అదీ నాకు కోపమే.) అందరూ ఆమె చెప్పింది ఫోన్లలో రాసుకునేవారు. నాకు అక్షరాలు వచ్చింది చాలా ఏళ్ళ తరవాత కాబట్టి, నేను అంతా తలలోనే పెట్టుకోవాలి. అక్కడ అప్పటికే కోపం ఉండటంతో చోటు సరిపోయేది కాదు.

అసలు మంట ఆ సలహాల వల్ల కాదు. ఆంటీ పెరుగు డబ్బాల్లో నారు పెంచి అందరికీ ఇచ్చేది. ఇచ్చాక ఇక ప్రతి ఆదివారం, “నా పిల్ల ఎలా ఉంది?” అని అడిగేది. మీ పెరట్లో, మీ మట్టిలో, మీరు నీళ్ళు పోసి పెంచినా సరే, అది ఆమె పిల్లే. కాస్తే, “చూశారా, నాదే!” ఎండిపోతే మాత్రం మీదే.

అది నాకెందుకంత గుచ్చుకునేదో చెప్పాలి. గుంటూరు పక్క మా ఊళ్ళో చిన్నప్పుడు మా అమ్మ వెంట అందరి చేలల్లో మిరపకాయలు కోశాను. కోసిన వాటిలో ఒక్క కాయా మాది కాదు. చర్చిలో కోత పండుగ వచ్చిందంటే అందరూ తమ పంట పళ్ళేల్లో పెట్టుకుని ముందుకు నడిచేవారు. గుమ్మడికాయలు, కందులు, అరటి గెలలు. మేము కొట్లో కొన్న ఉప్పు పొట్లం పట్టుకుని వెనకగా వెళ్ళేవాళ్ళం. నాటింగ్‌హామ్‌లో కూడా అక్టోబర్లో కోత పండుగ చేస్తారనీ, తెచ్చిన పంటని అక్కడే వేలం వేస్తారనీ విన్న రోజే అనుకున్నాను: ఈసారి నా చేత్తో పండించిన కాయ, నాదీ అని చెప్పుకోగల కాయ, దేవుడి ముందు పెడతాను. పెట్టి తీరతాను.

మట్టి సంచీలో సొర పాదు పెట్టాను. నారు ఆంటీదే, వేరే దిక్కు లేదు. పెరడంతా కాంక్రీటు కాబట్టి బట్టలారేసే తీగే పందిరి. ఆగస్టులో తెల్లటి పూలు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే రాలాయి. టీ బల్ల దగ్గర అడిగితే ఆంటీ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“పెళ్ళి చేశావా?”

“ఎవరికాంటీ?”

“పూలకే పిచ్చిదానా! ఇక్కడ సాయంత్రం పురుగులు రావు. నువ్వే పెద్దవై చెయ్యాలి. మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి రాయి. అడుగున చిన్న పిందె ఉంటే ఆడది. అంకుల్స్ వింటున్నారు, ఇక మిగతాది నువ్వే తెలుసుకో.”

డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫామ్‌తోనే, రోజూ సాయంత్రం పెళ్ళిళ్ళు చేశాను. పక్కింటి ఇంగ్లిష్ ముసలాయన కంచె మీద నుంచి చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయేవాడు. చివరికి ఒక్క పిందె నిలబడింది. ఒక్కటంటే ఒక్కటి. అది బరువెక్కగానే నా పాత చున్నీతో దానికి ఉయ్యాల కట్టాను.

సెప్టెంబరులో మా ఇంట్లో ప్రార్థన కూటం వచ్చింది. పాట అయిపోయి, పాస్టర్‌గారు బైబిల్ తెరవబోతుంటే మొక్కల ఆంటీ లేచి నేరుగా వెనక తలుపు తీసింది. ఆమె వెనక అందరూ. ఉయ్యాల చూసి నవ్వులు.

“బారసాల ఎప్పుడమ్మా?”

“పేరేం పెడుతున్నావు?”

ఆంటీ మాత్రం నవ్వలేదు. గర్వంగా చెయ్యి చాచి, చూపుడు వేలు నిటారుగా నా కాయ మీదికి పెట్టి, “అదిగో! నా పిల్ల!” అంది.

లేత కాయకి వేలు చూపిస్తే అది కుళ్ళి రాలిపోతుందని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. వేలు మడిచి చూపించాలి. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

“వేలు ముడవండి ఆంటీ!” అని అరిచాను.

వీధి మొత్తానికి వినపడింది. మా ఆయన రాత్రి డ్యూటీకి ముందు కునుకు తీస్తున్నవాడు పై కిటికీ తెరిచి, “ఏంటే? ఎవరికేమైంది?” అన్నాడు. సంఘ పెద్ద అంకుల్ గొంతు సవరించుకుని, “మనం విశ్వాసులం చెల్లెమ్మా. ఇలాంటి మూఢనమ్మకాలు తగవు,” అన్నాడు. అంతా అవునవునన్నారు. అవునంటూనే, ఆ పెరట్లో చాచి ఉన్న వేళ్ళన్నీ ఒక్కొక్కటే మడుచుకున్నాయి. అటు తరవాత ఆకుల గురించి మాట్లాడినవాళ్ళంతా గడ్డంతోనో మోచేత్తోనో చూపించారు. పాస్టర్‌గారైతే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నారు. ఆంటీ కూడా వేలు మడిచింది గానీ ముఖం మాడ్చుకుంది. టీ తాగకుండా వెళ్ళిపోయింది.

కాయ రాలలేదూ, కుళ్ళలేదూ అనే సంతోషం నాకు పండుగ వరకే. కోత పండుగనాడు ఉతికిన చున్నీలో పెట్టుకుని, హాలు మధ్య నుంచి నడిచి, నా కాయని ముందు పెట్టాను. ఉప్పు పొట్లం గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. అవి ఆరేలోపే మొక్కల ఆంటీ మైకు అందుకుంది.

“ఇది మా నారే. కాకపోతే బాగా ముదిరిపోయింది, కూరకి పనికిరాదు. మొన్ననే కోయాల్సింది.”

లేచి నిలబడ్డాను. “నారు మీదే ఆంటీ. పెళ్ళిళ్ళు చేసింది నేను!”

హాలంతా ఘొల్లుమంది. వేలం మొదలైంది. పనికిరాదన్న మనిషే మొదట చెయ్యెత్తింది. నేను మా ఆయన తొడ మీద గిల్లాను, ఆయన చెయ్యెత్తాడు. ఆమె ఎత్తింది. మళ్ళీ గిల్లాను. ఆఖరికి ఆయన, “ఇక కొంటే మనం ఈ నెలంతా దీన్నే తినాలే,” అని చేతులు కట్టుకున్నాడు. నా కాయని ఆంటీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ చలికాలమంతా నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె నమస్తే పెడితే నేను బిస్కెట్ల వైపు చూసేదాన్ని.

వసంతం రాగానే టీ బల్ల మీద గింజల పొట్లాలు పరిచి, “రండి, వేలు ముడవండి సొర!” అని పిలుస్తోంది ఆంటీ. కాయని కూరకి తరగనే లేదట. బాయిలర్ పక్కన ఎండబెట్టి గింజలు తీసిందట. నా ఒళ్ళు మళ్ళీ మండింది.

“కనీసం నా పేరు పెట్టొచ్చుగా ఆంటీ?”

“నీ పేరు ఎవరికి గుర్తుంటుందే? నీ అరుపు గుర్తుంటుంది.”

ఎవరో ఎప్పుడు నాటాలని అడిగారు. ఆంటీ వేలు ఎత్తబోయి, మడిచి, గడ్డంతో నన్ను చూపించింది. “నన్నడగకండి. అది ఆమె పిల్ల.”

తిట్టడానికి నోట్లో కోపం ఎంత వెతికినా దొరకలేదు. “ఏప్రిల్లో,” అన్నాను కరుకుగా, “రోజూ నీళ్ళు పోసి చంపకండి.”

కొన్నేళ్ళకి ఆంటీ లండన్ పక్క ఇల్ఫర్డ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. గింజలు ఆమె వెంట అటు, ఇంకెవరి వెంటో ఇంకెటో వెళ్ళాయి. ఒక వేసవిలో పెళ్ళికని న్యూకాసిల్ వెళ్ళి, ముక్కూ మొహం తెలియని ఒక నర్సమ్మాయి ఇంట్లో దిగాం. టీ ఇచ్చి పెరడు చూపించింది. కంచె మీద, ఉయ్యాలలో, ఆ పొట్టి మెడ, ఆ లేత చారలు. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఆనందం పట్టలేక చెయ్యి చాచి, “అదిగో, నా పిల్ల!” అన్నాను.

“వేలు ముడవండి ఆంటీ!” అని అరిచింది ఆ అమ్మాయి.

నాకే చెబుతావా అన్నంత కోపం గొంతు దాకా వచ్చింది. కానీ నా వేలు నన్నడగకుండానే మడుచుకుంది. ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, ముక్కుపుటాలు అదురుతూ, నా కాయకి అడ్డంగా నిలబడి ఉంది. యూనిఫామ్ కూడా మార్చుకోలేదు. “సారీ అమ్మా,” అన్నాను, ఎంతో కాలం క్రితం నాటింగ్‌హామ్ పెరట్లో నిలబడ్డ ఒక కోపిష్టి పిల్లతో అంటున్నట్టుగా. “నీ కాయ బాగుంది.”