వేపచెట్టుకు మందు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు, ఇంకా బడిలో కూడా చేర్చకముందు నుంచే, మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. మా అవ్వ మాటలు తాతకూ, తాత మాటలు అవ్వకూ చేరవేయడం. అవ్వ అంటే అమ్మే, మా మంచిర్యాల వైపు అట్లాగే పిలుస్తాం. కోడలు మామతో నేరుగా మాట్లాడటం ఆ రోజుల్లో పద్ధతి కాదు. అందుకని చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నా, "అన్నం పెట్టాల్నా అని తాతనడుగు బిడ్డా" అనేది అవ్వ. "జరసేపాగి తింటనని మీ అవ్వకు చెప్పు" అనేవాడు తాత. నేను నోరు తెరిచేలోపే ఇద్దరికీ కబురు అందిపోయేది. అయినా నేను అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పేదాన్ని. కొలువన్నాక చెయ్యాలి కదా.

మా ఇల్లు రైలుపట్టాలకు అవతల, కొత్తగా ప్లాట్లు పడ్డ కాలనీలో ఉండేది. ప్లాట్లు చేసినవాళ్ళు అక్కడున్న చెట్లన్నీ కొట్టేసి, ఒక్క ముసలి వేపను మాత్రం వదిలేశారు. దయతో కాదు, గొడ్డలి అరిగిపోయి ఉంటుంది. ఆ వేప మా వాకిట్లోకి వచ్చింది. ఇల్లు కట్టగా మిగిలిన రాయీ సిమెంటూ పెట్టి మా తాత దాని చుట్టూ తన చేతులతో గద్దె కట్టాడు. లోపల మోకాలెత్తు మట్టి నింపి, బోదెకు ఆనేదాకా సిమెంటు పూసి, అద్దంలా నున్నగా చేసి, అంచులకు ఎర్రటి జాజు వేశాడు. సాయంత్రమైతే వీధిలోని పెద్దలంతా ఆ గద్దె మీద చేరేవారు. తాత చెట్టుకు వీపు ఆనించి మధ్యలో కూర్చునేవాడు. జీవితంలో ఆయనకు దక్కిన పదవి అదొక్కటే. దాన్ని ఆయన చాలా బాగా నిర్వహించాడు.

గద్దె కట్టిన నాడే అవ్వ ఒక మాట పంపింది. "మెడదాకా మట్టి పోస్తే మనిషైనా బతుకుతడా అని తాతనడుగు." మంథని దగ్గర ఆమె తల్లిగారింట్లో మామిడి మొదలుకు అట్లాగే మట్టి ఎగదోస్తే కొన్నాళ్ళకు ఎండిపోయిందట. తాత మీసం దువ్వుకుని, "చెట్టుకు మెడ యాడుంటదో మీ అవ్వను చూపెట్టుమను" అన్నాడు. నేను అదీ చేరవేశాను. అవ్వ మళ్ళీ మళ్ళీ చెప్పి పంపింది. తాత మళ్ళీ మళ్ళీ వినలేదు. మాట మోసే మనిషిగా నాకు రెండు వైపులా గౌరవమే దక్కింది, చెట్టుకే ఏమీ దక్కలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ వేప కొస నుంచి ఎండుతూ వచ్చింది. ఆకు పలచబడింది. ఒకనాటి మధ్యాహ్నం, గాలి కూడా లేదు, దూలమంత కొమ్మ ఒకటి విరిగి వాకిట్లోని మంచం మీద పడింది. పాలకు ఏడుస్తున్నాడని అవ్వ అప్పుడే తమ్ముణ్ణి ఆ మంచం మీద నుంచి ఎత్తుకుంది. ఇంకా గడప దాటలేదు. వెనక్కి తిరిగి చూసి, పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని అట్లాగే నిలబడిపోయింది. మంచం రెండు ముక్కలై ఉంది. నవారులో వాడి చిన్న బొంత ఇరుక్కుని ఉంది.

బాపు, మా నాన్న, డ్యూటీ నుంచి వచ్చి మంచం చూశాడు. ఐతారం నాడు చెట్టు కొట్టేవాళ్ళు వస్తారని తేల్చి చెప్పాడు. తాత అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. మరునాడు నన్ను పిలిచి, "చెట్టుకు మందు పెట్టాలె. పోయి అడిగి రా పో" అన్నాడు.

ఆయన ఉద్దేశం సందు చివర ఉన్న ఎరువుల దుకాణం. చెప్పలేదు, చెప్పాల్సిన పనిలేదనుకున్నాడు. అయితే మా బొగ్గు ఊళ్ళల్లో మందు అనే మాట చాలా పనులు చేస్తుంది. దవాఖానాలో ఇచ్చేది మందే, పత్తికి కొట్టేది మందే, పొద్దుగూకాక తాగేది మందే. బొగ్గుబాయిలో బండను పేల్చడానికి రంధ్రంలో కూరేదీ మందే. మా పక్కింటి చాచా బాయిలో చేసే పని అదే. కాలనీ మొత్తానికి ఆయన మందు పెట్టే చాచా. మందు పెట్టాలంటే ఎవరి దగ్గరికి పోవాలో నాకు ఒకరు చెప్పాలా.

చాచా చాయ్ తాగుతున్నాడు. నేను కబురు చెప్పగానే సాసర్ కింద పెట్టి తన భార్య ఖాలా వైపు చూశాడు. ఖాలా లేచి, గోడ దగ్గరికి వెళ్ళి మా అవ్వను పిలిచింది. ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి చాలాసేపు గుసగుసలాడారు. మధ్యలో అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఖాలా తిరిగొచ్చి చాచా చెవిలో ఏదో చెప్పింది. "ఫికర్ చెయ్యొద్దను బేటీ. రేపు పొద్దుగాలనే వస్త" అన్నాడు చాచా. ఇంటికి పోతూ దారిలో కనబడ్డ వాళ్ళందరికీ ఈ వార్త చెప్పాను. ఇంత పెద్ద కబురు నా చేతికి అంతకుముందు రాలేదు.

బాయి మందు ఇంటికి తేవడానికి వీల్లేదని, తాళం వేసి ఉంచుతారని, ఆ కాలనీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా తెల్లారేసరికి వీధి ఖాళీ. కోళ్ళను గంపల్లో వేసి మోసుకెళ్ళారు. గోడల మీది దేవుడి పటాలు దింపారు. ఎదురింటాయన రేడియోను శాలువాలో చుట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాడు, ఇంట్లో వాళ్ళ అత్త ఇంకా నిద్ర లేవలేదని తర్వాత గుర్తొచ్చిందట.

తాత తలుపు తీసేసరికి ఇదీ పరిస్థితి. వాకిట్లో చాచా. తలకు బాయి టోపీ, కాళ్ళకు బూట్లు, చేతిలో ఎర్రగుడ్డ, భుజాన సంచి. గద్దె మీద ఇనుప చువ్వతో అక్కడక్కడా తట్టి చూస్తున్నాడు.

"గిదేంది రా?" అన్నాడు తాత.

"నువ్వే చెప్పి పంపినవట గద మామా, మందు పెట్టుమని."

"మందంటే పురుగు మందు. దుకాణంల దొరికేది."

"నాకెరికైంది ఒక్కటే మందు. నీ చెట్టుకేం రోగం లేదు, గద్దెనే పీక పట్టింది. కింద నాలుగు బొక్కలు తొలిచి పెడ్త. గద్దె లేస్తది, చెట్టు ఉంటది." గోడనూ, వెనకున్న గదినీ చూసి, "గోడ సంగతి నేను చెప్పలేను. అర్ర సంగతి అసలే చెప్పలేను" అని, ఎర్రగుడ్డ ఊపడానికి చెయ్యెత్తాడు. మలుపు దగ్గర జనం ఇంకో అడుగు వెనక్కి జరిగారు.

తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆగు రా. గద్దె తియ్యనీకి మందెందుకు? గడ్డపార లేదా?"

"ఉన్నది. కొట్టేదెవరు?"

"నేనే కట్టిన. నేనే తీస్త."

తొలి దెబ్బలు తాత తన ఒంటి మీద తానే కొట్టుకున్నట్టు కొట్టాడు. జాజు అంచు విరిగి పడింది. చాచా సంచిలో చెయ్యి పెట్టి ఒక సొరకాయ తీసి, "ఖాలా పంపింది" అని అవ్వ చేతికిచ్చాడు. సంచి ఖాళీ. తాత చూశాడు. గడ్డపార గాలిలో ఆగింది. అప్పటికే సగం గద్దె పోయింది, ఇక పౌరుషపడి ప్రయోజనం లేదు. మిగతా సగానికి చాచా కూడా చెయ్యి వేశాడు.

మట్టి తోడాక ఎవరమూ నవ్వలేదు. లోపలి నుంచి మురిగిన వాసన వచ్చింది. మట్టిలో కూరుకున్నంత మేర బోదె బెరడు నల్లబడి, తడిసిన అట్టలా ఊడి వస్తోంది. తాత వేలు పెడితే వేలు లోపలికి దిగింది. పైనుంచి చూస్తే అద్దంలాంటి గద్దె. కింద సన్నటి వేళ్ళు గాలి కోసం పైకి పాకి, దారి దొరక్క, బోదె చుట్టూ తాళ్ళలా చుట్టుకుని ఉన్నాయి. రోజూ సాయంత్రం ఆయన వీపు ఆనించుకున్న చెట్టు అది. తాత గడ్డపార పక్కన పడేసి, ఆ గుంతలోనే కూర్చుండిపోయాడు.

చేతి మట్టి దులుపుకుని తలెత్తాడు. నేను కబురు మోయడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. నా మీదుగా అవ్వను చూసి, "ఇగ ఏం చెయ్యాలె తల్లీ?" అన్నాడు.

చాచా టోపీ తీశాడు. గోడ అవతల ఖాలా చేతిలో గిన్నె జారిన చప్పుడైంది. అవ్వ తల మీద కొంగు సర్దుకుంది. తాత వైపు తిరిగింది. "ఆరనియ్యాలె మామా. మొదట్ల నీళ్ళు పొయ్యొద్దు. కొమ్మల నీడ యాడిదాంక పడ్తదో ఆడ పొయ్యాలె."

"గట్లనే" అన్నాడు తాత. అంతే.

ఐతారం నాడు చెట్టు కొట్టేవాళ్ళు వచ్చారు. అవ్వ చూపించిన ఎండుకొమ్మలు మాత్రం తీసి వెళ్ళారు. రాలిన ఆకును ఊడ్చి పారేయకుండా చుట్టూ పరిచాం. వేప మునుపటిలా మాత్రం కాలేదు. ఒక పక్క మోడుగానే మిగిలింది. ఇంకో పక్క ఎండాకాలం రాగానే ఎర్రటి చిగురు వేసింది. మా మంచం మాత్రం మళ్ళీ దాని కింద వేయలేదు. సాయంత్రం పెద్దలు తమ కుర్చీలు తామే తెచ్చుకుని, కాస్త ఎడంగా కూర్చునేవారు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఉంటాను. పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి, నాకు ఎవరైనా చెబితే వినే అలవాటు తక్కువ. మా ఇంటి ముందు నా వయసు మామిడి ఒకటి ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఆకులు ఊడ్వలేక, వాకిలంతా బోదెదాకా టైల్స్ వేయించాలని మొన్న నిర్ణయించాను. మేస్త్రీ వచ్చాడు. "మొదట్ల మట్టి ఉండనిద్దాం అత్తమ్మా" అంది కోడలు. నేను విననట్టే ఊరుకున్నాను. ఆమె ఇంకొకసారి చెప్పలేదు. లోపలికి వెళ్ళబోయింది.

నాకు తడిసిన బెరడు వాసన వచ్చింది. మామిడి నుంచి కాదు.

"యాడిదాంక వెయ్యాలె మేడం?" అని మేస్త్రీ సుద్దముక్క పట్టుకుని నన్నడిగాడు.

"కోడల్ని అడుగు" అన్నాను.