బేసిన్‌లో తేట నీళ్లు

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. గుడ్ ఫ్రైడే ముందురోజు, యేసు శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగా, మా చర్చిలో పాస్టరుగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. ఆ పన్నెండుమందినీ ఏరే పెద్దరికం నాది.

ఈ ఏడు తాపీమేస్త్రి పేరు రాశాను. చర్చి గచ్చు వేసింది ఆయనే. ముప్పై ఏళ్లు సిమెంటులో నానిన కాళ్లు. మడమలు బీటలు వారాయి, గోళ్ల చుట్టూ బూడిదరంగు పట్టేసింది. ఆ సాయంత్రం, కాళ్లు తుడవడానికి మడతపెట్టిన తెల్లతువాళ్లు చూసి నా మనసు మారింది.

"బాబాయ్, ఈసారికి వెనక కూర్చో. వచ్చే ఏడు చూద్దాం," అన్నాను.

"పొద్దున రాయి పెట్టి రుద్దాను బాబూ. పోలేదు," అన్నాడాయన, తప్పు తనదే అన్నట్టు.

ఆయన కుర్చీలో నేనే కూర్చున్నాను. మేమంతా ఇంటి దగ్గర సబ్బుతో తోముకుని వచ్చినవాళ్లమే. చివరగా నా కాళ్లు కడిగి, పాస్టరుగారు బేసిన్‌లోకి చూశారు. నీళ్లు తెచ్చినప్పటిలాగే తేటగా ఉన్నాయి.

"ఈ నీళ్లు చూస్తే ఎవరి కాళ్లూ కడిగినట్టు లేదే," అని నవ్వారు.

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే, తను వేసిన గచ్చు మీదే మేస్త్రి బాబాయి కాళ్లు బల్ల కిందికి దాచుకుంటున్నాడు.