శుక్రవారం మానేసిన మాత్ర

2008 ఎండాకాలం. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో మా మేడం ఇంట్లో చేపలు కడుగుతుంటే నాకు చలి వేసింది. వెలిగే పొయ్యి పక్కన నిలబడి చలేమిటని నవ్వొచ్చింది కూడా. కాసేపటికి పళ్లు టకటకలాడాయి, నవ్వు పోయింది.

నాది కోనసీమ. ఆ ఇంట్లో వంటపని. అంతకు కొద్ది వారాల ముందే మస్కట్‌లోని మా తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్లతో టాంజానియాలో ఒక పల్లెకు సేవకు వెళ్లొచ్చాను. ఇంకో ఇంట్లో పనిచేసే కడప కుమారి అక్క కూడా వచ్చింది. పిల్లలకు స్నానాలు చేయించాం, గంజి కాచాం, భాష రాకపోయినా పాటలు నేర్పాం. నా దోమతెర ఒక బాలింతకిచ్చేశాను. దానికి నాకిప్పటికీ విచారం లేదు.

విచారమంతా మాత్ర గురించే. మలేరియా రాకుండా వారానికొకటి, తిండి తిన్నాక, ప్రతి వారం అదే రోజున మింగమన్నారు. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు ఆపొద్దన్నారు. మాది శుక్రవారం. ఇక్కడ మాకు సెలవూ, ఆరాధనా ఆ రోజే. క్షేమంగా తిరిగొచ్చినందుకు కృతజ్ఞతగా శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. ఉపవాసం కాబట్టి తినకూడదు, తినలేదు కాబట్టి మాత్ర వేసుకోకూడదు, రోజు మార్చొద్దన్నారు కాబట్టి శనివారం మింగకూడదు. మా తెలివి అలా ఏడ్చింది.

క్లినిక్‌లో వైరల్ ఫీవర్ అని పనడాల్ జ్వరం మాత్రలు ఇచ్చారు. ఆఫ్రికా మాట వాళ్లు అడగలేదు, నాకూ తోచలేదు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మేడం వాళ్లమ్మ టాంజానియాకే చెందిన జాంజిబార్ దీవిలో పుట్టిన మనిషి. ఆవిడ నా నుదురు పట్టి చూసి, ఈ చలి తను చిన్నప్పుడు చూసిందేనని, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని కూతురి మీద కేకలేసింది.

బ్లడ్ స్మియర్‌లో ఫాల్సిపారం పాజిటివ్, మలేరియాల్లో ప్రాణం తీసే రకం. ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయన్నారు. డాక్టరు నెల్లూరాయన. మాత్రలెందుకు ఆపానో చెప్తే తిట్టలేదు.

"శనివారం మింగినా సరిపోయేది కదమ్మా," అన్నాడు.

తిట్టినా బాగుండేది.

క్వినైన్ డ్రిప్ పెట్టారు. చెవుల్లో ఒకటే హోరు. మధ్యలో షుగర్ పడిపోయి స్పృహ తప్పింది. తెలివొచ్చాక, నాతో వచ్చినవాళ్లందరూ టెస్ట్ చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. నర్సు ఫోన్ చెవి దగ్గర పెడితే కుమారి అక్కతో మాట్లాడాను. ఆమెకూ జ్వరమేనట.

"రేపు శుక్రవారం గదా పాపా. ఉపవాసం ఇడిసినాక శనివారం పోతాలే."

"ఇయ్యాలే ఎల్లక్కా. దేవుడేమీ అనుకోడు."

"నువ్వు పండుకో, ఆయాసపడతాండావు," అని పెట్టేసింది.

పాస్టరుగారికి కూడా కబురు చేయించాను. ఆయన వెళ్లేసరికి అక్క ప్రార్థన చేసుకుంటూనే ఒరిగిపోయి ఉంది. ఐసీయూలో పెట్టినా నిలవలేదు. కడపకు పెట్టెలో వెళ్లింది.

నేను మళ్లీ అదే వంటింట్లో ఉన్నాను. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. ఏ పని మీదికీ మనసు పోదు. సహవాసంలో, దేవుడు నిన్ను బతికించాడు, సాక్ష్యం చెప్పమంటారు. చెబుతాను. కుమారి అక్కది నాకంటే గట్టి విశ్వాసమని కూడా చెబుతాను. అప్పుడు ఎవరూ ఆమెన్ అనరు.

సేవకు వెళ్లొచ్చేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. మాత్ర వేసుకునే రోజు, ఉపవాసముండే రోజు ఒకటే అయితే ముందు అన్నం తినండి, మాత్ర మింగండి. ఆ తర్వాతే మోకరించండి.