నడుం వెనక వేళ్లు

ముసలాయన ఈగిల్ బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడటం మానేసి ఇరవై రెండేళ్లయింది. మోకాళ్లు అరిగాయి, పొట్ట వచ్చింది, ఎడమచెయ్యి మాత్రం ఇంకా రిటైరవలేదు. పొద్దున్నే డెన్మార్కులోని తన ఊరు ఓడెన్సెలో రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడితే చాలు, అది తనంతట తాను నడుం వెనక్కి పోతుంది. రై రొట్టె కావాలంటే ఒక వేలు, దాల్చినచెక్క బన్ను మీదికి మనసు పోతే రెండు. "ఎవరికి పెద్దాయనా ఆ సైగలు?" అని వరసలోవాళ్లు నవ్వితే, "ఏ సైగలు?" అని నిజంగానే తెల్లమొహం వేస్తాడు. ఆటలో ఒకటంటే సర్వీసు వల దగ్గరికి, రెండంటే దూరానికి. పదిహేనేళ్లపాటు తన వెనక నిలబడి ఆడిన జోడీ వాగ్న్‌కి ఆ వేళ్లే మాట. ఆఖరి ఫైనల్లో, ఆఖరి పాయింటుకి ఈగిల్ ఒకటి చూపించి దూరానికి కొట్టాడు. వేలిని నమ్మి వల మీదికి దూకిన వాగ్న్ వెనక, ఖాళీలో అవతలివాళ్లు తిప్పికొట్టిన కాక్ పడింది. వాగ్న్ చెయ్యి కూడా కలపకుండా వెళ్లిపోయాడు. మళ్లీ మాట్లాడలేదు.

మొన్న శనివారం ఈగిల్ చెయ్యి ఒక వేలు చూపించింది. అంతలో వేడివేడి బన్నుల పళ్లెం వచ్చింది. "బన్నే ఇవ్వమ్మా ఇవాళ" అన్నాడు.

"మారలేదురా నువ్వు!" అంది వెనకనుంచి ఒక ముసలి గొంతు. "ఒకటి చూపిస్తావు, ఇంకోటి చేస్తావు."

ఈగిల్ వెనక్కి తిరగలేదు. నడుం వెనక చెయ్యి మాత్రం నెమ్మదిగా వేళ్లన్నీ విప్పింది. ఆ రోజు కోర్టులో కలపని చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది.