ఆ బిడ్డను సంపద్దమ్మా

మాది పుంగనూరు. నేను హరికథలు చెబుతాను. రెండేళ్ల కిందట శాంతిపురం దగ్గర ఒక పల్లెలో మధ్యాహ్నం కథ చెబుతున్నాను. యుద్ధంలో పదహారేళ్ల కుర్రవాడు చనిపోయే ఘట్టం వచ్చింది. ముందు కూర్చున్న ఒకామె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"క్వారీలో రాయి మీదపడి నా కొడుకు పోయి నెల కూడా కాలేదమ్మా. కథ చెప్పేది నువ్వే కదా! ఈపొద్దుకు ఆ బిడ్డను సంపద్దు" అని ఏడ్చింది.

నేను చిడతలు కింద పెట్టేశాను.

"కథ మద్దెలో ఆపితే ఊరికి మంచిది కాదు, చెప్పమ్మా" అన్నారు పెద్దలు.

చిడతలు అందుకుని, ఆమె ఎదుటే కథలో ఆ కుర్రవాడి తల్లి ఏడుపు పాడాను. ఆమె చెవులు మూసుకుని ఎండలోకి వెళ్లిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. అందుకే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.