వాసన లేని కాఫీ

గుండె దడ అని వెళితే డాక్టరు మందులతో పాటు ఒక శిక్ష కూడా వేశాడు. కాఫీ మానేయాలట. ఉండలేకపోతే కెఫీన్ తీసేసిన డికాఫ్ తాగొచ్చట. పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో పొద్దుటి కాఫీ కలిపేది మా ఆయనే. అశోక్‌నగర్‌లో మా ఇంటి బాల్కనీలో ఇద్దరం కూర్చుని తాగుతాం. రోజు మొత్తంలో మేం పోట్లాడుకోకుండా ఉండేది ఆ కాసేపే. అది కూడా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

అందుకే మామూలు కాఫీలా ఉండే డికాఫ్ కోసం వెతుకులాట మొదలుపెట్టాను. హిమాయత్‌నగర్‌లో కొన్న సీసాలోది అట్టపెట్టె నానబెట్టిన నీళ్లలా ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించినది మూత తీయగానే మందుల షాపు వాసన కొట్టింది. చివరికి చిక్కడపల్లిలో గింజలు మర పట్టి ఇచ్చే కొట్టుకు వెళ్లాను.

"మేడమ్, జర ఇది తాగి చూడున్రి. అసలు కాఫీకి, దీనికి ఫరక్ తెల్వది" అన్నాడు కొట్టతను.

"మీరిదే తాగుతారా?"

"నాకేమైంది మేడమ్, నేనెందుకు తాగుత?"

అయినా సిగ్గులేకుండా కొన్నాను. ఫిల్టర్‌లో వేస్తే డికాషన్ నల్లగా, చిక్కగా దిగింది. దాన్ని చూసి ఆశపడ్డాను. మొదటి గుక్క తాగాను. మాడిన అట్టు గోకి పాలలో కలిపినట్టుంది. లేచి వెళ్లి నోరు పుక్కిలించుకున్నాను.

నాకు తోడుగా తనూ అదే తాగుతానని ఆయన మొదటి రోజే మాటిచ్చారు. నేను ఏ మడ్డి తెచ్చినా గ్లాసు ఖాళీ చేసి "బాగానే ఉందిగా" అనేవారు. కాఫీ పల్చగా ఉందని పెళ్లివారినే కడిగేసిన మనిషి. ఆ డికాఫ్ కంటే ఆ మాటే నాకు ఎక్కువ రోత పుట్టించేది.

ఒకరోజు ఆయన కూరగాయలు తెచ్చి సంచి నా చేతికిస్తుంటే మీసాల్లోంచి గుప్పున కాఫీ వాసన వచ్చింది.

"ఎక్కడ తాగారు?"

ఆయన బుకాయించలేదు. "నారాయణగూడ చౌరస్తాలో, హోటల్లో. రోజూ తాగుతున్నాను. ఆ మడ్డితో నావల్ల కావట్లేదే."

ఒళ్లు మండిపోయింది. తాగినందుకు కాదు, నన్నొదిలి ఎవరి పక్కనో నిలబడి తాగినందుకు. ఏడుపు కూడా వచ్చింది.

"రేపటి నుంచి రెండు ఫిల్టర్లు పెట్టండి. మీ కాఫీ మీరు ఇక్కడే, నా ముందే తాగండి."

"నువ్వు చూస్తుంటే నాకెలా దిగుతుంది?"

"దిగుతుంది. దించండి."

మర్నాడు ఆయన గ్లాసు బాల్కనీ గోడ మీద, నా ముందు పెట్టారు. దాని పొగ కమ్మటి వాసనతో నా ముఖానికి తగులుతోంది. నా మడ్డి ఒక గుక్క తాగాను. కాఫీలా ఉంది. నమ్మకం కుదరక ముఖం అటు తిప్పి తాగితే మళ్లీ మాడిన అట్టు. ఇటు తిరిగితే కాఫీ. ఊరంతా తిరిగి వెతికింది ఆయన గ్లాసు పక్కన దొరికింది.

కానీ ఆయన గబగబా తాగేస్తారు. ఆయన గ్లాసు ఖాళీ అయిందంటే నాకు మళ్లీ రోతే. ఆ మాట ఒక్కసారే అన్నాను. అప్పటి నుంచి సగం కాఫీ నా ముందు ఉంచేసి, నాది పూర్తయ్యాకే తన గ్లాసు తీసుకుంటున్నారు. చల్లారిన కాఫీ అంటే ఆయనకు మొదటి నుంచీ పరమ అసహ్యం.