ఆవిడ అడిగే ‘ఇంకేటి?’

మా పిన్నిగారు పోయారని పోయిన మంగళవారం పొద్దున్న కబురొచ్చింది. నర్సీపట్నం నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు రావికమతంలో మా వీధి మలుపు దగ్గర దిగి, “మీ పిన్నిగారు కాలం చేసీరటండి, బేగి రమ్మన్నారు” అని చెప్పి, డ్రైవరు హారన్ కొడుతుంటే పరుగున వెళ్ళిపోయాడు. నేను కట్టుకున్న చీరతోనే తిరుగు బస్సెక్కాను.

వెళ్ళేసరికి అరుగు నిండా జనం. అందరిదీ ఒకటే మాట. “మహా ఓర్పు మనిషండి. ఏనాడూ నాకిది నొప్పి అని అన్న పాపాన పోలేదు.” “ఒకళ్ళ మీద ఒక మాట లేదు, ఒక సణుగుడు లేదు. అలాంటి మనుషులు ఇంక పుట్టరు.” వింటున్నకొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఓర్పట, ఓర్పు! అడిగిన మనిషేదీ? ఆవిడ నొప్పి అని అన్నారు. ఒక్కసారి అన్నారు. నాతోనే అన్నారు. ఆ సంగతి అరుగు మీద చెప్పే ధైర్యం లేక నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ చెబుతున్నాను.

పిన్నిగారంటే చుట్టరికమేమీ కాదు. డెబ్బైల మధ్యలో నేను యలమంచిలి నుంచి నర్సీపట్నం కాపురానికి వచ్చినప్పుడు మా పక్క వాటాలో ఉండేవారు. భర్త బడిపంతులుగా చేసి పోయారు. కొడుకూ కోడలూ ఆవిడ దగ్గరే. మా రెండు పెరళ్ళకీ మధ్య మోకాలెత్తు గోడ ఒకటి.

అప్పటి నా సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. రైలు కూత వినపడని ఊరూ ఒక ఊరేనా అని మొదలుపెట్టేదాన్ని. నీళ్ళు చప్పన, వంకాయలు చేదు, దోమలు ఏనుగులంత. అన్నిటికీ మించి మా అత్తగారు. ఆవిడ మోకాళ్ళ నొప్పులని మూలిగేది, ఆ మూలుగు వింటే నాకు తలనొప్పి వచ్చేది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపల మూడు ఫిర్యాదులు చెవిన వేసేదాన్ని. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, “నువ్వు రేడియోవైనా బాగుణ్ణు, కట్టేసీవోణ్ణి” అనేవారు. దానికి ఇంకో గంట ఏడుపు.

ఒకరోజు మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడి పిన్నిగారికి ఈ పురాణమంతా వినిపిస్తున్నాను. ఆవిడ నా తల వంక చూశారు. “ముందు ఇలాగొచ్చి కూసో అమ్మాయ్. జుత్తంతా సిక్కులు పడిపోనాది” అన్నారు. గోడ దాటి వెళ్ళి వాళ్ళ పెరటి మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ పై మెట్టు మీద, నా వెనకాల. తలకి నూనె పెట్టి, కొసల నుంచి చిక్కు తీయడం మొదలుపెట్టారు.

“ఇప్పుడు సెప్పు.”

చెప్పాను. ఒకటయ్యాక ఆగాను. వెనకనుంచి, “ఇంకేటి?” అన్నారు. ఇంకోటి చెప్పాను. “ఇంకేటి?” దోమలయ్యాయి, వంకాయలయ్యాయి, అత్తగారయ్యారు. “ఇంకేటి?” అప్పుడు, బయటివాళ్ళెవరికీ చెప్పనిది, పోయిన వేసవిలో నాకు నాలుగో నెలలో కడుపు పోయిన సంగతి బయటికొచ్చింది. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. “ఇంకేటి?” అని ఈసారి మెల్లిగా అన్నారు. ఇంకేమీ లేదు. వంకాయల మీద, దోమల మీద నేను పోస్తున్నదంతా అదేనని నాకే అప్పటిదాకా తెలీదు.

జడ చివర రిబ్బను కట్టి, “అయిపోయిందా?” అన్నారు.

“అయిపోయింది పిన్నిగారూ.”

“అయితే రేపు పదింటికి నాతో రా. రెండు సేతులు కావాల నాకు.”

ఆవిడ రోజూ పదింటికి ఎక్కడికి వెళతారో అప్పుడు తెలిసింది. ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డుకి. చేతిసంచిలో నూనె సీసా, రెండు దువ్వెనలు, ఒక పేలదువ్వెన, చిరిగిన చీర అంచుల పేలికలు. కాన్పయినవాళ్ళకీ, ఆపరేషనయినవాళ్ళకీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి మంచాన పడ్డవాళ్ళకీ తల దువ్వి జడ వేసేవారు. అంతే, అదే ఆవిడ చేసిన పని. “మందు డాక్టరుగారిత్తారు, బువ్వ ఇంటోళ్ళు తెత్తారు. జడెవులేత్తారే?” అనేవారు.

మొదటి రోజు నా చేతికి దొరికిన తల చూసి వెనక్కి జరిగాను. పది రోజులుగా దువ్వెన తగలని జుట్టు, నిండా పేలు. “పిన్నిగారూ, నావల్ల కాదు” అన్నాను. “అయితే పేలదువ్వెన పట్టుకో” అన్నారు, అదేదో వరం ఇచ్చినట్టు. ఆ మంచం మీది అమ్మాయికి రెండోసారీ ఆడపిల్లే పుట్టింది. మొగుడు చూడ్డానికి రాలేదని మెల్లిగా చెప్పుకుంటోంది. నాకు నోరు ఊరుకోదుగా. “అయ్యో, మా ఇంట్లోనూ అంతేనమ్మా, మా అత్తగారు...” అని ఎత్తుకున్నాను. పిన్నిగారు నా మోచేతి మీద దువ్వెనతో ఒక్కటేశారు. “నీది నిన్ననే అయిపోనాది. ఇయ్యాల ఆ పిల్ల వంతు.”

ఎదురుగా కూర్చోనిచ్చేవారు కాదు. “మొకం సూత్తే మాట మింగేత్తారే. ఎనకాల కూసో” అనేవారు. రాలిన వెంట్రుకలు వేలికి చుట్టి కొంగున ముడేసుకునేవారు, వార్డు ఊడ్చే ఆవిడకి పని పెట్టకూడదని. వచ్చేటప్పుడు కొంగు చివర ఉసిరికాయంత ముడి ఉండేది.

అలా తొమ్మిదేళ్ళు వెళ్ళాను. నా సణుగుడు ఎప్పుడు తగ్గిందో నాకు తెలీదు, మా ఆయనకి తెలుసు. ఒకరోజు పేపరు మడిచి, “ఏటి, ఇయ్యాల కంప్లయింట్లు లేవా? ఒంట్లో బాగోలేదా?” అన్నారు. నాకు నవ్వొచ్చింది. పది తలలు దువ్వి, పది మంది గోడు విని వచ్చాక, వంకాయ చేదని చెప్పాలంటే గుర్తొచ్చేది కాదు.

ఇంతవరకే అయితే ఇది మంచి కథ. కానీ నేను నేర్చుకున్నది సగమే. పిన్నిగారికి రెండు మాటలుండేవి. ‘ఇంకేటి?’ అని పదిసార్లు, ఇరవైసార్లు అడిగాక, చివర్న ఒక్కసారి ‘అయిపోయిందా?’ అనేవారు. నేను రెండోదే ఇంటికి తెచ్చుకున్నాను. మా అత్తగారు “మోకాలు...” అనగానే, “అయిపోయిందా అత్తయ్యా? అయితే ఈ చిక్కుళ్ళు తుంపండి” అనేదాన్ని. ఏడాది తిరక్కుండా ఆవిడ మూలగడం మానేసింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ సణగరు అని నలుగురిలో గొప్పలు చెప్పుకున్నాను. ఒకసారి గోడ అవతల నుంచి అది విని పిన్నిగారు, “ఓసి నీ తెలివి కాలా! మొదటి మాట మింగేసీవే నువ్వు” అన్నారు. వేళాకోళం అనుకుని నవ్వేశాను.

మూడేళ్ళ కిందట మా ఆయనకి రావికమతం బదిలీ అయింది. వీలున్నప్పుడల్లా నర్సీపట్నం బస్సెక్కి, పిన్నిగారితో వార్డుకి వెళ్ళేదాన్ని. పోయిన వానాకాలంలో అలాగే వెళ్ళాను. ఆస్పత్రి వరండా బల్ల మీద కూర్చుని నూనె సీసా మూత తిప్పుతూ ఆవిడ, “మెడ ఎనకాల పీకేత్తందే అమ్మాయ్. ఓ పక్కకి తిరిగి పడుకోలేకపోతన్నాను” అన్నారు.

పన్నెండేళ్ళలో నేను విన్న మొదటి నొప్పి అది. ఏమన్నానో తెలుసా? నవ్వుతూ, “అయిపోయిందా పిన్నిగారూ? అయితే ఆ మూడో మంచం ఆవిడకి జడెయ్యండి” అన్నాను.

ఆవిడా నవ్వారు. “నా మాట నాకే అప్పజెప్పీసీవా!” అని లేచి, వెళ్ళి జడ వేశారు. భలే అన్నానని సంబరపడిపోయాను. ఇంటికొచ్చి మా ఆయనకీ చెప్పి నవ్వించాను. ఆ తర్వాత ఆవిడ నాతో నొప్పి మాట ఎత్తలేదు.

మంగళవారం స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళం నలుగురం లోపలున్నాం. తల నేను దువ్వుతానన్నాను. అందరి తలలూ దువ్విన మనిషికి తల దువ్వినవాళ్ళు ఎవరూ లేరు. తనే ముడి వేసుకునేవారు, ఎప్పుడూ కిందికి, మెడ మీదికి. తల నా ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పాను. దువ్వెన జుట్టు మొదట్లో దేనికో తగిలి ఆగింది. వేళ్ళతో చూశాను. మెడ వెనక, ముడి కింద, ఉసిరికాయంత గడ్డ. రాయిలా ఉంది.

కోడలు నా చేతి కిందికి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “నాకు సెప్పలేదండీ. జొరమనే అనుకున్నాం. ఒట్టండీ, నాకు సెప్పలేదు.”

ఆవిడ ప్రాణం తీసింది అదేనో కాదో నాకు తెలీదు. కోడల్ని ఏమనగలను? నాకు చెప్పారు కదా. ఆరోజు ఆ బల్ల మీద ఆవిడ వెనకాల కూర్చుని, ముడి విప్పి, ఒక్కసారి ‘ఇంకేటి?’ అని ఉంటే నా వేళ్ళకి తగిలేది. తిరిగి ముడి వేశాను. గడ్డ కనపడకుండా కిందికే వేశాను, ఆవిడ వేసుకున్నట్టే. బయట అరుగు మీద ఇంకా ఓర్పు గురించి మాట్లాడుతున్నారు.

రావికమతం వచ్చి, తలారా నీళ్ళు పోసుకుని, మర్నాడు పొద్దున్న నూనె సీసా, దువ్వెన పట్టుకుని మా అత్తగారి దగ్గరికి వెళ్ళాను. పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుళ్ళు తుంపుతోంది. చేట పక్కకి తీసి, వెనకాల కూర్చున్నాను. ఆవిడ ఉలిక్కిపడింది. “ఏటే, ఏటైనాది?” అంది. ఏం లేదు, తల దువ్వుతానన్నాను. జుట్టు పిడికెడు కూడా లేదు. మెడ వెనక మెల్లిగా తడిమాను. ఏమీ లేదు, ఎముకలున్నాయి.

“మోకాళ్ళు ఎలా ఉన్నాయి అత్తయ్యా?”

“బాగున్నాయమ్మా” అంది గబగబా. “ఏటీ లేదు. నాకేటీ లేదు.” అంటూనే ఆవిడ చెయ్యి చేట కోసం వెతుక్కుంది.

దువ్వుతూనే ఉన్నాను. చిక్కులు లేకపోయినా కొసల నుంచి మొదలుపెట్టాను. రాలిన రెండు తెల్ల వెంట్రుకలు వేలికి చుట్టుకున్నాను. ఎండ పెరట్లోకి వచ్చింది. చేట దొరకని ఆవిడ చెయ్యి మోకాలి మీదికి చేరింది.

“ఇంకేటి?” అన్నాను.